వినాయక చవితికి పిల్లల కథ: ఈసారి శమంతకమణి, వాలంటీర్లు కావాలి

అందరికీ నమస్తే. చవితి వారం మధ్యలో పడింది కాబట్టి మన పూజ శనివారం, స్కూల్ కెఫెటేరియాలో. పిల్లల కథ మళ్లీ నా నెత్తినే పడింది. పోయిన ఏడాది ఏం చేశామో గుర్తుందిగా, కథ గబగబా ఐదు నిమిషాల్లో లాగించేసి "నీతి" అని రాసిన చార్ట్ పట్టుకుని నిలబడ్డాం, ఒక చిన్నది లేచి "కృష్ణుడు చందమామని చూస్తే తప్పేంటి?" అంటే నా దగ్గర జవాబు లేదు, ప్రసాదం వచ్చిందని చెప్పి తప్పించుకున్నాను.

ఈసారి చార్ట్ వద్దు. అసలు ఈ కథంతా తిరిగేది ఒక పుకారు చుట్టూ. రోజుకి ఎనిమిది బారువుల బంగారం ఇచ్చే మణిని కృష్ణుడు అడిగాడు, సత్రాజిత్తు ఇవ్వనన్నాడు, తర్వాత దాన్ని మెళ్లో వేసుకుని వేటకెళ్లిన తమ్ముడు ప్రసేనుడు తిరిగి రాలేదు. చూసినవాడు ఒక్కడు లేడు, అయినా కృష్ణుడి పనే అనేశారు. మన పిల్లలకి స్కూల్ బస్సులో రోజూ జరిగేదే ఇది.

కాబట్టి ముందు ఆట. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి మొదటివాడి చెవిలో "ప్రసేనుడు ఇంకా ఇంటికి రాలేదట" అని ఊదితే, చివరివాడి దగ్గరికి అది ఏమై చేరుతుందో చూద్దాం. తర్వాత కృష్ణుడు నలుగురిని వెంటబెట్టుకుని జాడలు వెతికాడు కదా, సింహం అడుగులు, ఎలుగుబంటి అడుగులు కాగితంతో కత్తిరించి నేలకి అంటిస్తే పిల్లలు వాటి వెంటే గుహ దాకా వస్తారు. గుహకి టేబుల్ మీద దుప్పటి చాలు. కత్తెర పనికి ఇద్దరు, జాంబవంతుడికి ఒకరు కావాలి, పొట్ట ఉంటే ప్లస్ పాయింట్.

---
అక్కా, జాంబవంతుడు నేనే. 28 రోజుల కుస్తీని రెండు నిమిషాలకి కుదించండి, నా మోకాళ్లు ఒప్పుకోవు.

---
ఆటలు సరేనమ్మా, శ్లోకం మాత్రం వదలొద్దు. "సింహః ప్రసేనమవధీత్, సింహో జాంబవతా హతః" అనేది గుహలో ఉయ్యాల ఊపుతూ పాడిన జోల, ప్రసేనుణ్ని సింహం చంపింది, ఆ సింహాన్ని జాంబవంతుడు చంపాడు, ఏడవకు బుజ్జీ, ఈ మణి నీదే అని. చవితినాడు చందమామ కనబడిందంటే చాలు, మా అమ్మ మాచేత ఇది మూడుసార్లు అనిపించేది.

---
భలే గుర్తుచేశారు మాస్టారూ! ఎవరు ఎవర్ని చంపారో మొత్తం ఆ జోలలోనే ఉంది. పిల్లలు గుహ బయట నిలబడి అది విని వాళ్లే చెప్పాలి. నేర్పడం మీ వంతు, పది నిమిషాలు మీవే.

---
మా పెద్దదానికి పదమూడేళ్లు. "జాంబవంతుడు మణితో పాటు కూతుర్నీ కృష్ణుడికి ఇచ్చేశాడా?" అని కచ్చితంగా అడుగుతుంది, సత్రాజిత్తు తన కూతురు సత్యభామని ఇచ్చే దగ్గర మళ్లీ అడుగుతుంది. ఆ ముక్క ఎగరగొట్టేద్దామా?

---
వద్దు, దాస్తే గూగుల్‌లో చూసుకుని మరీ అడుగుతారు. కథలో అలా ఉంది, మన ఇళ్లలో అలా చేయం అని సూటిగా చెప్పేద్దాం. నాకు నచ్చేది సత్యభామ పెళ్లికి ముందు ముక్క, అంత కష్టపడి తెచ్చిన మణిని కృష్ణుడు ఉంచుకోకుండా అందరి ముందూ సత్రాజిత్తు చేతిలో పెట్టేస్తాడు. మరి అప్పటిదాకా నోరు పారేసుకున్నవాళ్లు ఇప్పుడేం చేయాలి? అది పిల్లల్నే అడుగుదాం, మనం నోరు మూసుకుని విందాం.

---
కత్తెర పని నాది. ఎలుగు పాదం ఎంతుండాలి?

---
మీవారి షూ కంటే పెద్దది. శుక్రవారం సాయంత్రం మా ఇంటికి రండి, పులిహోర చేస్తున్నాను.