సాసేజ్ పాస్తా సూప్: పాస్తా సూప్‌లోనే ఉడకాలా, విడిగా వార్చి కలపాలా?

వంటింటి గడియారం (ప్రశ్న)

మేము న్యూజెర్సీలో ఉంటాం. ఇద్దరం ఉద్యోగాల నుంచి ఇల్లు చేరేసరికి ఆరున్నర దాటుతుంది. చలికాలం వస్తే వారంలో ఒక రాత్రయినా ఇటాలియన్ సాసేజ్‌తో పాస్తా సూప్ చేసుకుంటాం. ఒక పౌను (454 గ్రాములు) సాసేజ్ తొడుగు తీసి, చిదిమి వేయించడం, అందులోనే ఉల్లిపాయ, క్యారెట్, సెలరీ, వెల్లుల్లి మగ్గించడం, 28 ఔన్సుల టమాటా డబ్బా ఒకటి, ఆరు కప్పుల చికెన్ బ్రాత్ (కోడి ఉడికించి తీసిన రసం) పోసి మరిగించడం, దించేముందు పాలకూర. ముప్పావు గంటలో వంట పూర్తవుతుంది.

తగవంతా పాస్తా దగ్గరే. నేను 200 గ్రాముల డిటాలీనీ, అంటే పొట్టి గొట్టాల పాస్తా, నేరుగా సూప్‌లో వేసేస్తాను. మావారు విడిగా ఉడికించి, వార్చి, వడ్డించేటప్పుడు మాత్రమే కలపాలంటారు. ఎవరిది సరైన పద్ధతో కారణాలతో సహా చెప్పండి. ‘మా ఇంట్లో ఇలాగే చేస్తాం’ అనే జవాబులు మా ఇంట్లోనే కావలసినన్ని ఉన్నాయి.

ఒక గిన్నె చాలు

సూప్‌లోనే వేయండి. ఇందులో చర్చకు ఏముందో నాకు అర్థం కావడం లేదు.

ఎండు పాస్తా ఏ ద్రవంలో ఉడికితే దాన్నే పీల్చుకుంటుంది. ఉప్పునీటిలో ఉడికిస్తే ఉప్పునీరు, సాసేజ్ రసంలో ఉడికిస్తే సాసేజ్ రసం. ముందే నీటితో కడుపు నింపుకున్న పాస్తాను తెచ్చి సూప్‌లో వేస్తే అది సూప్‌లో తేలుతుంది తప్ప సూప్‌తో కలవదు. రెండోది గంజి. వార్చి పారబోసే ఆ గంజే సూప్‌కు చిక్కదనాన్ని ఇచ్చేది. అది ఉంటే క్రీమ్ అవసరం ఉండదు. మీవారు దాన్ని సింకులో పోసి, తర్వాత చిక్కదనం కోసం క్రీమ్ డబ్బా తెరుస్తున్నారేమో ఒకసారి గమనించండి.

ఒక్క జాగ్రత్త చాలు. పాస్తా వేసిన మొదటి రెండు నిమిషాలు గరిటె ఆపకండి, లేకపోతే అడుగంటుతుంది.

లెక్కల మాస్టారు

ఒక గిన్నె గారూ, మీరు చెప్పినదంతా ఆ రాత్రికి నిజం. మర్నాటి సంగతి చెప్పలేదు.

ఎండు పాస్తా ఉడికేసరికి దాదాపు రెట్టింపు బరువు తూగుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. అంటే 200 గ్రాముల పాస్తా పొయ్యి మీద ఉండగానే పావు లీటరు దాకా రసం తాగుతుంది. మూత తీసి మరిగిస్తే ఆవిరయ్యేది అదనం. ఆరు కప్పులంటే 1.4 లీటర్లు. ఆ పూటకు ఇబ్బంది లేదు. కానీ పొయ్యి ఆపినంత మాత్రాన పాస్తా పీల్చడం ఆపదు. తెల్లారి ఫ్రిజ్ తెరిస్తే రాత్రి మిగిలిన సేమ్యా పాయసం ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కత్తితో కోసుకోవాలి. దాన్ని నీళ్లు పోసి వేడి చేస్తే రుచి పలచబడుతుంది, పాస్తా మాత్రం మెత్తబడే ఉంటుంది.

ఇక రెండో గిన్నె భయం. నాలుగైదు లీటర్ల నీళ్లు మరగాలన్నది పాత అలవాటు. ఆహార శాస్త్రం మీద రాసే హెరాల్డ్ మెక్‌గీ 2009లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో దీన్ని పరీక్షించి రాశారు. ఒక పౌను పాస్తాకు రెండు లీటర్లలోపు నీళ్లు చాలు, చల్లని నీళ్లలో మొదలుపెట్టినా ఉడుకుతుంది, మధ్యమధ్య కలుపుతూ ఉండాలి అంతే. 200 గ్రాములకు చిన్న గిన్నె సరిపోతుంది. పైగా నీళ్లు తగ్గాయి కాబట్టి గంజి చిక్కగా దిగుతుంది. దాన్ని ఒక గరిటెడు సూప్‌లో పోయండి, మీరు చెప్పిన చిక్కదనం వచ్చేస్తుంది.

ఒక గిన్నె చాలు

మాస్టారూ, మిగిలితే కదా.

లెక్కల మాస్టారు

ఆరు కప్పుల బ్రాత్, పౌను మాంసం, డబ్బాడు టమాటా, పైన పాస్తా. ఇద్దరు మనుషులు. మిగలదంటే నమ్మమంటారా?

నేపుల్స్ గడప

ఇటలీలో చదువుకుంటున్నాను, ఒక మాట చేరుస్తాను. గరిటె నిలబడేంత గట్టిగా ఉండటాన్ని ఇక్కడ మీరంతా లోపంగా లెక్కిస్తున్నారు. నేపుల్స్‌లో బంగాళాదుంపలతో చేసే పాస్తా ఎ పటాటే ఆ మాదిరిగా, ముద్దగా, అంటుకుంటూ ఉంటేనే మెచ్చుకుంటారు. అందులో పాస్తాను కూర ఉన్న గిన్నెలోనే ఉడికిస్తారు, వార్చరు. వాడేది కూడా పాస్తా మిస్తా. రకరకాల ఆకారాల ముక్కలు కలిపి అమ్మేది. ఒకప్పుడు దుకాణాల్లో డబ్బాల అడుగున మిగిలిన ముక్కలను పేదవాళ్లకు చవకగా అమ్మేవారట, దాని నుంచి పుట్టిన అలవాటు. చిక్కుడు గింజలతో చేసే పాస్తా ఎ ఫజోలీ కూడా చాలా ఇళ్లలో అంతే. ఉత్తరాన బొలోన్యాలో టోర్టెలీనీని, అంటే లోపల మాంసం కూరిన చిన్న పాస్తాను, సన్నని మాంసపు రసంలోనే ఉడికించి ఆ రసంతోనే వడ్డిస్తారు, అయితే అది వెంటనే తినేసేది.

మీరు చేస్తున్న చిదిమిన సాసేజ్, టమాటా, పాలకూరల సూప్ అమెరికాలో స్థిరపడిన ఇటాలియన్ల వంటింటి దారిలో వచ్చింది. అక్కడ దాన్ని జారుగా తాగడం అలవాటు. కాబట్టి ముందు తేల్చుకోవలసింది మీకు సూప్ కావాలా, చెంచాతో తినే పాస్తా కావాలా అన్నది. గట్టిగా ఇష్టమైతే మర్నాడు నీళ్లు పోయనే వద్దు. పెనం మీద కాస్త ఆలివ్ నూనె వేసి అడుగు ఎర్రబడేలా కాల్చుకోండి. రాత్రి దానికంటే అదే బాగుంటుంది.

సోంపు వాసన

పాస్తా గురించి ఇంత గొడవా? ఈ సూప్ రుచి అంతా సాసేజ్ వేయించడంలో ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు.

చాలామంది సాసేజ్ వేయగానే ఉల్లిపాయలు కూడా వేసేస్తారు. ఉల్లిపాయ నీరు వదులుతుంది, మాంసం వేగదు, ఉడుకుతుంది. బూడిదరంగు ముక్కలు తేలుతాయి. ముందు సాసేజ్ ఒక్కటే వేసి, వెడల్పుగా పరిచి, మూడు నాలుగు నిమిషాలు కదపకండి. అడుగు ఎర్రగా మాడీ మాడనట్టు కావాలి. అప్పుడు తిప్పండి, చిదమండి. తర్వాత దాన్ని పళ్లెంలోకి తీసి, గిన్నెలో రెండు చెంచాల కొవ్వు మాత్రం ఉంచి మిగతాది వంపేయండి. అమెరికా ప్రభుత్వ నిబంధనల ప్రకారం, మామూలుగా పంది మాంసంతో చేసే ఇటాలియన్ సాసేజ్‌లో 35 శాతం దాకా కొవ్వు ఉండవచ్చు. అంతా సూప్ మీద తెట్టు కడితే తినలేరు. ఆ మిగిల్చిన కొవ్వులో ఉల్లి, క్యారెట్, సెలరీ వేసి మగ్గించి, కాసిన్ని నీళ్లు చల్లి అడుగున అంటుకున్నదంతా చెక్క గరిటెతో గీకండి. సూప్ రంగు, వాసన అక్కడి నుంచే వస్తాయి.

అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది: ఆ పేరుతో అమ్మాలంటే సోంపు గానీ, దాని బంధువు అనీస్ గానీ ఉండి తీరాలి. అందుకే ఏ దుకాణంలో కొన్నా ఆ తీపి వాసన తగులుతుంది. నేను పైన ఇంకో అర చెంచా సోంపు దంచి వేస్తాను. ఇది మాత్రం నా పిచ్చి.

వంటింటి గడియారం

సోంపు వాసన గారూ, మేము పంది మాంసం తినం, చికెన్ సాసేజ్ కొంటాం. అందులో మీరు చెప్పినంత కొవ్వు దిగదు. అడుగంటుతుంది.

సోంపు వాసన

అయితే ఒక చెంచా ఆలివ్ నూనె వేసి మొదలుపెట్టండి. కానీ అంతకంటే ముఖ్యమైనది ఒకటి ఉంది. కొన్ని కంపెనీల చికెన్ సాసేజ్‌లకు పై తొడుగు పంది పేగుదే ఉంటుంది. లోపల కోడి, పైన పంది. పొట్లం వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, తప్పకుండా చదవండి. మీరు తొడుగు తీసేస్తున్నా, మతం వల్ల తినని వాళ్లకు ఆ తేడా సరిపోదు. చాలా దుకాణాల్లో తొడుగు లేకుండా ముద్దగా కూడా అమ్ముతారు, అది మేలు. ఇంకొకటి: పచ్చి పంది సాసేజ్ లోపలి వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ (71 సెల్సియస్) చేరితే చాలు, కోడికీ టర్కీకీ 165 (74 సెల్సియస్) చేరాలి. చిదిమి వేయించి ఆపైన సూప్‌లో మరిగిస్తున్నారు కాబట్టి మీకు బెంగ లేదు.

హైదరాబాద్ చలికాలం

ఇక్కడ మా పరిస్థితి వేరు. హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో గడ్డకట్టించి అమ్మే చికెన్ సాసేజ్‌లు చాలావరకు ముందే ఉడికించినవి. నున్నగా ఉంటాయి, చిదమడానికి రావు. ముక్కలు కోసి వేయించవచ్చు గానీ సూప్‌లో ఆ రుచి దిగదు. నేను చికెన్ ఖీమాతోనే చేస్తాను. అర కిలో ఖీమాకు చెంచాన్నర కచ్చాపచ్చాగా దంచిన సోంపు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఎండుమిరప పలుకులు, మిరియాల పొడి, చెంచా ఉప్పు, చెంచా వెనిగర్. కలిపి అరగంట ఫ్రిజ్‌లో ఉంచితే ఉప్పు పట్టి ముద్దగా అంటుకుంటుంది, వేయించినప్పుడు గింజలు గింజలుగా కాక సాసేజ్‌లా తునకలు తునకలుగా వస్తుంది. గరం మసాలా వేయాలని చెయ్యి లాగుతుంది, వేయకండి. వేస్తే అది ఖీమా షోర్బా అవుతుంది. అదీ మంచిదే, కానీ దానికి పాస్తా ఎందుకు?

అసలు ప్రశ్నకు నా ఓటు విడిగా ఉడికించడానికే. మా అత్తయ్య గారు ఏడున్నరకు తింటారు, పిల్లలు ఎనిమిదికి, మావారు పది దాటాక. సూప్‌లోనే వేస్తే పది గంటల వారికి మిగిలేది ముద్ద. అందరూ ఒకేసారి బల్ల చుట్టూ కూర్చునే ఇళ్లవాళ్లకు ఈ బాధ తెలియదు.

ఒక గిన్నె చాలు

తెలియదని మీరెలా అనుకున్నారండీ? మా ఇంట్లోనూ రెండు వేళలే. రెండో వంతుకు పిడికెడు పాస్తా అప్పుడే వేసి పది నిమిషాలు మరిగిస్తాను. సూప్ ఎలాగూ వేడి చేయాలి కదా. ఒకే పూట పాస్తా మొత్తం వేసేయాలని ఎవరు చెప్పారు?

హైదరాబాద్ చలికాలం

పది గంటలకు వచ్చిన మనిషికి మరో పది నిమిషాలు ఆగమని మీరు చెప్పగలరేమో.

లెక్కల మాస్టారు

ఉప్పు సంగతి ఎవరూ ఎత్తలేదు. డబ్బా బ్రాత్‌లో ఉప్పు దండిగా ఉంటుంది, సాసేజ్‌లో ఉంటుంది, పైన తురిమే పర్మెజాన్ చీజ్‌లో ఉంటుంది. పాస్తాను అందులోనే ఉడికిస్తే రసం తగ్గి, మిగిలిన దాంట్లో ఉప్పు తేలుతుంది. ఆ పద్ధతి వాళ్లు ఉప్పు తగ్గించిన బ్రాత్ కొనండి, లేదా బ్రాత్ నాలుగు కప్పులే పోసి మిగతాది నీళ్లు పోయండి. ఉప్పు చివర్లో, పాస్తా ఉడికాకే చూడండి. విడిగా వార్చే వాళ్లకు ఈ తలనొప్పి లేదని నేను అనను. మీరే అనుకోండి.

నేపుల్స్ గడప

పర్మెజాన్ అన్నారు కాబట్టి: తురమడం అయిపోయాక మిగిలే గట్టి అంచు పారేయకండి. సూప్ మరిగేటప్పుడు వేసి చివర్లో తీసేయండి. మీరు వెతుకుతున్న కమ్మదనంలో సగం అదే ఇస్తుంది. దానికీ ఉప్పుంటుంది, మాస్టారి మాట గుర్తుంచుకోండి.

వంటింటి గడియారం

అందరికీ ధన్యవాదాలు. మావారికి ఇదంతా చదివి వినిపించాను. మాస్టారి జవాబు దగ్గర ఆగి ఇంకోసారి చదవమన్నారు, ఒక గిన్నె గారి జవాబు దగ్గర ఫోను చూసుకున్నారు. ఇంకొక్క ప్రశ్న. ఆదివారం ఎక్కువ చేసి ఫ్రీజర్‌లో పెట్టుకోవచ్చా? పెడితే పాస్తాతోనా, లేకుండానా?

సోంపు వాసన

లేకుండా. పాస్తా గడ్డకట్టి కరిగితే పిండి పిండిగా విడిపోతుంది, ఇందులో రెండో అభిప్రాయం నేను వినలేదు. పాలకూర కూడా అప్పుడు వేయవద్దు, వేడి చేసేటప్పుడు తాజాది వేయండి. క్రీమ్ వేసే అలవాటుంటే అదీ తర్వాతే. వండిన రెండు గంటల్లోపు చల్లబరచి లోపల పెట్టండి; పెద్ద గిన్నెలో లోతుగా ఉంటే మధ్యలో వేడి చాలాసేపు నిలుస్తుంది కాబట్టి లోతు తక్కువున్న డబ్బాల్లో పోయండి. ఫ్రిజ్‌లోనైతే మూడు నాలుగు రోజులు.

ఒక గిన్నె చాలు

ఫ్రీజర్‌కు పాస్తా లేకుండా, ఒప్పుకుంటున్నాను. కరిగించాక మాత్రం ఎండు పాస్తా సూప్‌లోనే. ఆకారం డిటాలీనీ గానీ చిన్న శంఖుల్లాంటిది గానీ తీసుకోండి, గోడ మందంగా ఉంటుంది. సన్నని నక్షత్రాలు, వరిగింజల్లా ఉండే ఓర్జో వద్దు, క్షణాల్లో ముద్దవుతాయి. పొట్లం మీద రాసిన సమయానికి రెండు నిమిషాల ముందే, పలుకు ఉండగానే పొయ్యి ఆపండి. మిగతాది గిన్నెలో వేడికే ఉడుకుతుంది.

లెక్కల మాస్టారు

రెండు కాదు, మూడు. వడ్డించి, చీజ్ తురిమి, పిల్లలను పిలిచి, వాళ్లు వచ్చి కూర్చునేదాకా లెక్కేయండి.