నా సదరం (వైకల్య) సర్టిఫికెట్ చూసి డాక్టర్ గన్ లైసెన్స్ ఎస్-3 ఫారం మీద సంతకం పెట్టలేదు, ఇప్పుడేం చేయాలి?

దేవరకొండ రైతు:
పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉన్నాను, పని కాలేదు. డబుల్ బ్యారెల్ గన్ లైసెన్స్ నా పేరు మీదికి మార్చుకోవాలి. పోర్టల్‌లో ఏ-1 ఫారం నింపాను. ఎస్-3 అని మెడికల్ సర్టిఫికెట్ అడుగుతున్నారు. డాక్టర్ నా సదరం కాగితం చూసి "వికలాంగులకు గన్ ఏంది?" అని ఫారం పక్కన పడేశాడు. అట్లా చట్టంలో ఎక్కడన్నా ఉందా? వేరుశనగ సగం అడవిపందుల పాలైంది. తెలిసినవాళ్లు చెప్పండి, బుర్ర పనిచేస్తలేదు.

మిర్యాలగూడ సార్:
ఏ వైకల్యం? కాలా, చెయ్యా, చూపా? గన్ ఎవరిది? అవి చెప్పండి ముందు.

పాలమూరు షూటర్:
కోపం వస్తోంది ఇది చదివితే. అవని లేఖరా వీల్‌చెయిర్‌లో కూర్చొని టోక్యోలో, మళ్లీ 2024లో పారిస్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణం తెచ్చింది. పారా షూటింగ్‌లో ఎస్‌హెచ్-2 అని ఒక విభాగం ఉంది. చేతులతో రైఫిల్ బరువు మోయలేనివాళ్లకు అందులో స్ప్రింగ్ స్టాండ్ ఇస్తారు. గన్ పట్టడం మన హక్కు అన్నా, వదలొద్దు.

నల్గొండ వకీలు:
హక్కు అనకండి. మన దేశంలో ఆయుధం హక్కు కాదు, లైసెన్స్ మీద ఇచ్చే అనుమతి. అడిగేటప్పుడు సమానంగా చూడాలన్నది మాత్రం హక్కే. 2016 వికలాంగుల చట్టం మూడో సెక్షన్ అదే చెప్తుంది. 1959 ఆయుధాల చట్టం 14వ సెక్షన్‌లో మతిస్థిమితం లేనివారికి లైసెన్స్ ఇవ్వరాదని ఉంది. "ఏ కారణం చేతనైనా తగనివారు" అని ఇంకో మాట కూడా ఉంది, అధికారులు ఎక్కువగా దాన్నే పట్టుకుంటారు. కాలు బాగాలేదు కాబట్టి ఇవ్వొద్దని ఎక్కడా లేదు. ఎస్-3లో చూసేది మానసిక ఆరోగ్యం, శారీరక దారుఢ్యం, మత్తుకు బానిస కాదన్న సంగతి. సదరం కాగితం పింఛనుకు, బస్ పాసుకు. గన్ పట్టగలడా లేదా అన్నది అందులో ఉండదు. డాక్టర్‌తో గొడవ వద్దు. చేతి పట్టు, చూపు, ఫిట్స్ ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు, ఇవి పరీక్షించి రాయమనండి. రేపు కలెక్టరేట్‌లో కాదంటే కారణం రాతపూర్వకంగా అడగండి. 18వ సెక్షన్ కింద అప్పీలుకు పోవచ్చు.

అచ్చంపేట నుంచి:
అసలు సంగతి ఎవరూ మాట్లాడట్లేదు. గన్ లైసెన్స్ వచ్చినంత మాత్రాన అడవిపందిని కాల్చొద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద విడిగా అనుమతి ఉండాలి. మా దిక్కు అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అంచు, ఇంకా కఠినం. అనుమతి లేకపోతే కేసు నీ మీదే. కరెంటు తీగ మాత్రం పెట్టకండి, పందికి పెట్టిన తీగకు మనుషులు పోతున్నారు.

దేవరకొండ రైతు:
ఎడమ కాలు పోలియో, అరవై శాతం. క్యాలిపర్, అంటే కాలికి కట్టే లోహపు ఊత, వేసుకుంటా. చేతులు, చూపు బాగున్నై. గన్ నాన్నది. సంక్రాంతి ముందు చనిపోయిండు. అప్పటినుంచి బీరువాలోనే ఉంది, ఎవరం ముట్టలేదు.

నల్గొండ వకీలు:
ఇది మొదటే చెప్పాల్సింది. ఎస్-3 పక్కన పెట్టండి. ఆయనతోనే లైసెన్స్ పోయింది, ఇప్పుడు ఆ గన్ మీ ఇంట్లో ఉండడమే నేరం. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం లేకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయాలి. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరైనా పెట్టొచ్చు. ముందు స్టేషన్‌కు ఫోన్ చేసి, ఎట్లా తేవాలో వాళ్లనే అడగండి. తూటాలతో సహా ఇచ్చి, లెక్క రాసిన రసీదు తీసుకోండి. మీకు లైసెన్స్ వచ్చాక అదే గన్ మీకు తిరిగి వస్తుంది.

మిర్యాలగూడ సార్:
ట్రాన్స్‌ఫర్ అనే మాటే తప్పు. వారసుడిగా కొత్త లైసెన్స్ అడగాలి.

పాలమూరు షూటర్:
2016 ఆయుధాల రూల్స్‌లో లైసెన్స్ ఉన్నాయన బతికుండగా వారసుడికి ఇచ్చే దారి కూడా ఉంది కదా సార్?

మిర్యాలగూడ సార్:
డెబ్భై ఏళ్లు నిండాలి, లేదా గన్ పాతికేళ్లు దగ్గరుండాలి. ఇక్కడ ఆయనే లేడు.

స్టాఫ్ నర్స్, సూర్యాపేట:
ఒక మాట. పంట పోయి, అప్పు మీదపడి, తండ్రి పోయిన ఇంట్లో తూటాలు నిండిన బీరువా. నాకు అదే భయం. కాలు బాగున్నవాళ్ల ఇంట్లోనైనా ఇదే అంటాను. తమ్ముడూ, నిద్ర పడుతోందా?

పాలమూరు షూటర్:
అక్కా, వికలాంగుడనగానే మానసికం దాకా పోవాలా?

స్టాఫ్ నర్స్, సూర్యాపేట:
నేను అన్నది కాలు గురించి కాదు. పంట పోయిన రైతు గురించి.

కల్వకుర్తి క్యాలిపర్:
నాకూ పోలియోనే, మా ఇంట్లో సింగిల్ బ్యారెల్ ఉంది. పన్నెండు బోర్ గన్ భుజాన్ని గట్టిగా వెనక్కి తంతుంది. మోకాలి లాక్ సరిగా పడకపోతే నిలబడి కాల్చినప్పుడు మనిషి వెనక్కి పోతాడు, రెండో గుండు ఎటు పోతదో చెప్పలేం. నేను కూర్చునే కాలుస్తా. మంచె ఎక్కేటప్పుడు గన్ చేతిలో ఉండొద్దు. తూటాలు తీసి, గొట్టం విప్పి ఖాళీగా ఉందని చూసుకొని, నోరు నీ వైపు లేకుండా తాడుతో పైకి లాక్కో. ఎస్-1 అనే గన్ భద్రత ట్రైనింగ్‌లో నిలబడి నేర్పిస్తారు. "నేను కూర్చొని నేర్చుకుంటా" అని ముందే అడుగు, సిగ్గుపడకు. గన్ ఒక బీరువాలో, తూటాలు వేరే చోట, తాళంచెవి నీ మొలతాడుకు.

అచ్చంపేట నుంచి:
మంచె మీద కూర్చున్నా అటవీ శాఖ అనుమతి మాత్రం కావాలి, మళ్లీ చెప్తున్నా.

దేవరకొండ రైతు:
స్టేషన్‌లో అప్పజెప్పినం. గన్, పద్నాలుగు తూటాలు రసీదులో రాసిచ్చిన్రు. అమ్మ, చెల్లె వారసుల కాగితం మీద సంతకం పెడతామన్నరు. సోమవారం వేరే డాక్టర్ దగ్గరికి పోతున్నా. నిద్ర పడుతుంది అక్కా. అందరికీ థాంక్స్.

హాలియా కొత్త సభ్యుడు:
నాకు ఒక చెవి వినపడదు, మెషీన్ పెట్టుకుంటా. ఎస్-3కి ఆడియోగ్రామ్ కూడా అడుగుతారా?