మద్రాసులో తెలుగువారి త్యాగరాయనగర్: ఏమి ఉండేది, ఏమి మిగిలింది?

ప్రశ్న (గుంటూరు నుంచి):

మా నాన్నగారు 1960లలో వడపళనిలోని ఒక స్టూడియోలో శబ్దగ్రహణ విభాగంలో పనిచేశారు. పాండీబజారు, పానగల్ పార్కు, కోడంబాకం రైల్వే గేటు అన్న మాటలు మా ఇంట్లో మా ఊరి వీధుల పేర్ల కంటే ఎక్కువగా వినిపించేవి. త్వరలో చెన్నై వెళ్తున్నాను. సినిమావాళ్లు వచ్చిన తరువాతే అక్కడ తెలుగు వాతావరణం ఏర్పడిందా, లేక అంతకు ముందు నుంచే ఉందా? అప్పటి ఇళ్లు, దుకాణాలు, భోజనశాలల్లో ఇప్పుడు చూడదగినవి ఏమైనా ఉన్నాయా? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు (పడమటి మాంబళం, చెన్నై):

త్యాగరాయనగర్ 1920లలో చెరువును పూడ్చి కట్టిన పేట. జస్టిస్ పార్టీ ప్రభుత్వం నడుస్తున్న కాలం కాబట్టి చాలా పేర్లు ఆ పార్టీ నాయకులవే పెట్టారు. పేటకు పేరు ఇచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టిగారూ, పార్కుకు పేరు ఇచ్చిన పానగల్ రాజావారూ ఇద్దరూ తెలుగువారే. సినిమాలో అవకాశం కోసం రైలు దిగిన కుర్రవాళ్లు, పాటకో మాటకో పిలుపు వస్తుందని ఎదురుచూసే రచయితలు సాయంత్రం అయ్యేసరికి ఆ పార్కు చెట్ల కిందికి చేరేవారు. ఏ కంపెనీ ఏ కథ మొదలుపెడుతోంది, ఎవరికి అడ్వాన్సు ముట్టింది అన్న సంగతులు పత్రికలకంటే ముందు అక్కడే తెలిసేవి.

అక్కడి నుంచి కాస్త నడిస్తే పాండీబజారు. టిఫినుకు గీతా కేఫ్, సినిమాకు రాజకుమారి థియేటరు, ఆడవాళ్ల దుస్తులకు నాయుడు హాల్. నెల జీతం లేనివాళ్లను బతికించినవి మాత్రం సందుల్లోని ఆంధ్రా మెస్సులు. అరిటాకులో ముద్దపప్పు, గోంగూర, కందిపొడి, పైన నెయ్యి వడ్డించి, డబ్బు తరువాత ఇవ్వమని ఖాతా రాసుకున్న యజమానుల పుణ్యమే మన సినిమా చరిత్రలో సగం అని నా అభిప్రాయం. కారు ఉన్నవారు కెథడ్రల్ రోడ్డులోని ఉడ్‌ల్యాండ్స్ డ్రైవిన్‌కు వెళ్లేవారు. 1962లో తెరిచిన ఆ హోటలులో కారు దిగకుండానే కిటికీకి పళ్లెం తగిలించి కాఫీ ఇచ్చేవారు. ఒక్క కాఫీతో గంటల తరబడి కథాచర్చలు జరిగేవి. 2008లో దాన్ని మూసివేశారు.

ఇక బజలుల్లా రోడ్డులోని రామారావుగారి ఇల్లు. తిరుపతి దర్శనం చేసుకున్న యాత్రికుల బస్సులు అక్కడి నుంచి నేరుగా మద్రాసు వచ్చి, తెల్లవారుజామునే ఆ ఇంటి ముందు ఆగేవి. తెరమీద కృష్ణుణ్ణి చూసినవారికి అది యాత్రలో రెండో భాగం.

జవాబు (మైలాపూర్, చెన్నై):

పై వివరాలు బాగున్నాయి, కానీ అవి కథలో చివరి అధ్యాయానికి చెందినవి. మద్రాసులో తెలుగువారిని నిలబెట్టినవి మొదట వ్యాపారం, పత్రిక, వైద్యం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ తలనొప్పి మందు లాభాలతోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా నడిపి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రికను చేశారు. 1924లో భారతి వచ్చింది. సంగీత కచేరీల్లో శ్రోతలకు అమృతాంజనం ఉచితంగా పంచిన ఆయన ప్రచార నేర్పు గురించి పాత మైలాపూర్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య 1937 నవంబరు 16న ఒప్పందం కుదిరింది కూడా ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే.

డాక్టరు కె.ఎన్.కేసరిగారిదీ అదే దారి. చిన్నతనంలో చేతిలో ఏమీ లేకుండా మద్రాసు చేరిన ఆయన, కేసరి కుటీరంలో తయారైన లోధ్ర అనే మందు అమ్మకాలతో 1928లో గృహలక్ష్మి పత్రికను స్థాపించి, రచయిత్రులకు స్వర్ణకంకణం బహూకరించే సంప్రదాయం నెలకొల్పారు. మందుసీసా మీద వచ్చిన డబ్బు సాహిత్యానికి వెళ్లడం ఆనాటి మద్రాసు తెలుగు వ్యాపారుల ప్రత్యేకత. 1947 జూలైలో చందమామను మొదలుపెట్టిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లు ఈ వరుసలోని వారే. వారిని సినిమావారుగా మాత్రమే లెక్కవేస్తే ఆ అచ్చుయంత్రం విలువ కనబడదు.

జవాబు (హైదరాబాదు నుంచి):

ఒక్క విషయం కలుపుతాను. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడగానే అందరూ మద్రాసు వదిలి వచ్చేశారని చాలామంది అనుకుంటారు. రాజధాని పోయినా స్టూడియోలు, ల్యాబులు, నిపుణులు అక్కడే ఉండటం వల్ల సినిమా కదలలేదు. మాయాబజార్ 1957లో తయారైంది వడపళనిలోని వాహినిలోనే. ఇక్కడి ప్రభుత్వం రాయితీలు ఇవ్వడం, 1976లో అన్నపూర్ణ, రామకృష్ణ స్టూడియోలు రావడంతో తరలింపు ఊపందుకుంది. అయినా పాటల రికార్డింగు, డబ్బింగు పనులకు మద్రాసు వెళ్లడం 1990లలో కూడా మానలేదు. అందువల్ల మెస్సులు ఒక్కరోజులో మూతపడలేదు. గిరాకీ తగ్గుతూ తగ్గుతూ పోయింది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఒక్కరోజులో తిరిగి చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (మైలాపూర్, చెన్నై):

ఉదయం లజ్‌లోని నాగేశ్వరరావు పార్కుతో మొదలుపెట్టండి. తరువాత రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూసిన ఇంటి స్థలంలోని స్మారకభవనం చూడండి. మధ్యాహ్నానికి పాండీబజారు చేరితే నడవడం సులువు, 2019లో కాలిబాటలు వెడల్పు చేశారు. మీ నాన్నగారి స్టూడియో వాహినియే అయితే వడపళనిలో మాత్రం నిరాశపడతారు. ఆ స్థలంలో ఇప్పుడు ఆసుపత్రి, షాపింగ్ మాల్ ఉన్నాయి. ఆదివారం మాత్రం వెళ్లకండి, త్యాగరాయనగర్‌లో కాలు పెట్టడానికి చోటుండదు.