అప్‌డేట్: ముఖారి క్యాసెట్ శ్రుతి సరిపోయింది

పోయినసారి అడిగింది ఇది: అమ్మకి ప్రాణమైన ముఖారి రాగం ఆలాపన క్యాసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే శ్రుతి అర మెట్టు పెరిగింది, పైగా గమకాలు (స్వరాల మీది ఊపులు) వణుకుతున్నాయి. మీలో ఇద్దరు చెప్పినట్టే, అవి రెండు వేర్వేరు జబ్బులు.

వణుకు క్యాసెట్ ప్లేయర్‌లో మోటారు తిప్పే బెల్టుది. సాగిన బెల్టు తీసి కోఠిలో కొత్తది కొన్నాం. పాతదాని కొలత ఇవ్వకండి, అది సాగి ఉంటుంది. చుట్టుకొలతలో ఐదు శాతం తగ్గించి అడగాలి. టేపును చదివే హెడ్డునీ, టేపును లాగే రబ్బరు రోలర్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాం. ముఖారి ఆరోహణలో చతుశ్రుతి ధైవతం (కాస్త పై ‘ద’), అవరోహణలో శుద్ధ ధైవతం (దానికంటే కింది ‘ద’). ఆ శుద్ధ ధైవతం మీది ఊపులోనే ఏడుపంతా ఉంది. బెల్టు వణుకు దాని మీద పడితే రాగం కాస్తా వెక్కిరింతలా వినిపిస్తుంది!

ఇక శ్రుతి. వేగం సరిచేసే మోటారు వెనక స్క్రూ తిప్పేముందు 3150 హెర్ట్‌జ్ టెస్ట్ టేపు (సరైన వేగంలో సరిగ్గా అంతే శ్రుతి పలికే టేపు) పెట్టి చూశాం. 3160 చూపించింది, అంటే తేడా 0.3 శాతమే. ప్లేయర్ నిర్దోషి, అప్పట్లో రికార్డు చేసిన మెషీనే నెమ్మదిగా తిరిగింది, కాబట్టి సరైన వేగంలో వేస్తే శ్రుతి పెరుగుతోంది. అందుకే స్క్రూ జోలికి పోలేదు. ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 0.944తో గుణించాం, అది అర మెట్టు దించే లెక్క. పిచ్ ఒక్కటే దించితే కాలప్రమాణం (పాట నడక) పరుగులోనే ఉండిపోతుంది, వేగం మార్చితేనే రెండూ దిగుతాయి. తంబూరా షడ్జమంతో సరిచూస్తే ఇప్పుడు కలిసింది.

బుస్సుమనే చప్పుడు మాత్రం అలాగే ఉంచాం. తీస్తే తంబూరా జీవా (తీగల జుమ్మనే నాదం) కూడా పోతోంది.