మంచాన పడిన మనిషికి ఇల్లే మేలని తేల్చవలసినది ఎవరు?

కృష్ణాతీరం:
సభ్యులకు నమస్కారం. మా నాన్నగారికి 74 ఏళ్లు. పద్నాలుగు నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. మనం చెప్పేది అర్థమవుతుంది గాని, బదులు చెప్పబోతే “అదే, అదే” అన్న ఒక్క మాటే వస్తుంది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో పంతొమ్మిది రోజులు ఉంచి, తర్వాత తెనాలిలోని ఇంటికి తెచ్చుకున్నాం. హాల్లో టీవీకి ఎదురుగా మంచం వేశాం, ఎయిర్ బెడ్ కొన్నాం, వారానికి మూడుసార్లు ఫిజియోథెరపిస్టు వస్తున్నారు. మొన్న చూపించడానికి వెళ్లినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 26 ప్రశ్నల పత్రం ఒకటి ఇచ్చారు. శరీరం, మనసు, నలుగురితో సంబంధాలు, పరిసరాలు అనే నాలుగు వైపుల నుంచి రోగి జీవితం ఎలా ఉందో అది అడుగుతుంది. నాన్నగారి తరఫున నేనే నింపాను. శరీరం తప్ప మిగతా మూడింటిలోనూ మంచి మార్కులే వచ్చాయి. అయినా మా బంధువు ఒకాయన, నెలకు ముప్పై వేలు కట్టి పునరావాస కేంద్రంలో చేర్చమని పట్టుబడుతున్నారు. వైద్యం ఇంటికే వస్తున్నప్పుడు మనవళ్ల మధ్య ఉన్న మనిషిని తీసుకెళ్లి పరాయి గోడల మధ్య పడేయడం అన్యాయమని నా అభిప్రాయం. మీరేమంటారు?

గోదారిగట్టు:
ఇల్లే మేలు. ఇందులో చర్చించడానికేముంది?

ఖమ్మం సిస్టర్:
ప్రభుత్వ ఆసుపత్రిలో ముప్పై ఒక్క ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. ఇల్లా, కేంద్రమా అన్నదాని కంటే ముందు నేను మడమలు చూస్తాను, నడుము కింద తుంటి ఎముక దగ్గర చూస్తాను. అక్కడ చర్మం ఎర్రబడి, వేలితో నొక్కి వదిలినా తెల్లబడకుండా అలాగే ఉంటే పుండు మొదలైందని అర్థం. ఎయిర్ బెడ్ ఉన్నంత మాత్రాన రోగిని కదపనక్కరలేదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించవలసినదే, రాత్రిళ్లు కూడా. ఇంట్లో వార్డు ఇన్ఫెక్షన్ల బెడద తక్కువ, తిండి నోటికి హితవుగా ఉంటుంది, అవి నిజమే. అయితే మింగడం, మాట్లాడడం మళ్లీ నేర్పే శిక్షణ మంచి కేంద్రంలో రోజూ దొరుకుతుంది. ఇంట్లో ఆ పని చేసేవారు దొరకడం కష్టం. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్, అంటే నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ, దానికి ఒక విధానం ప్రకటించి ఇళ్లకే నర్సులను పంపింది. మా తెలంగాణలో అలాంటి సేవనే ఇళ్లకు తెచ్చే ఆలన వాహనాలు తిరుగుతున్నాయి. అలాంటి అండ ఉన్న ఇల్లు వేరు, లేని ఇల్లు వేరు.

లెక్కల మాస్టారు:
ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి, పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. మీ నాన్నగారికి దరఖాస్తు పెట్టారా? ముందు ఆ సంగతి చెప్పండి.

వసుధ:
కృష్ణాతీరం గారూ, ఆ పత్రం నాకు తెలుసు. అందులో ప్రశ్నలన్నీ గడిచిన రెండు వారాల గురించి అడుగుతారు. నిద్ర తృప్తిగా ఉందా, ఉంటున్న చోటు బాగుందా, అవసరాలకు డబ్బు సరిపోతోందా అని రోగినే అడగాలి. దాంపత్య జీవితం గురించి కూడా ఒక ప్రశ్న ఉంటుంది. దానికి మీ నాన్నగారి తరఫున మీరేం రాశారో తెలుసుకోవాలని ఉంది. నడవగలరా, స్నానం చేయగలరా అన్నవాటికి పక్కవాళ్లు ఇచ్చే జవాబు చాలావరకు సరిపోతుందనీ, మనసుకు సంబంధించినవాటికి వచ్చేసరికి రోగి మాటకూ ఇంటివాళ్ల మాటకూ పొంతన తగ్గుతుందనీ ఇలాంటి కొలతల మీద పనిచేసినవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. మా అత్తగారు ఏడేళ్లు మంచంలో ఉన్నారు. పరామర్శకు వచ్చినవాళ్లందరూ, ఇంట్లో రాణిలా ఉన్నారు అనేవారు. వాళ్లు గుమ్మం దిగాక ఆవిడ ముఖం నేను చూశాను.

కృష్ణాతీరం:
వసుధ గారూ, ఆ ప్రశ్నకు ఏమీ గుర్తు పెట్టకుండా వదిలేశాను. మాట రాని మనిషి తరఫున కొడుకు కాక ఎవరు నింపుతారు? టీవీలో క్రికెట్ వస్తే నాన్నగారి కళ్లు వెలుగుతాయి, మనవరాలు వచ్చి పక్కన కూర్చుంటే ఎడమ చేత్తో ఆ పిల్ల జడ పట్టుకుంటారు. తృప్తి అంటే అదే కాదా?

మల్కాజిగిరి కుర్రాడు:
అందరూ ఇల్లు, ఇల్లు అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. మా నాన్నను కూడా ఇంట్లోనే ఉంచాం. నడుము దగ్గర పుండు ఎముక దాకా వెళ్లింది. ఆ కుహరంలో నా పిడికిలి పట్టేది. ఇళ్లకు సహాయకులను పంపే బ్యూరో నుంచి వచ్చిన మనిషి రోజూ పైపైన పౌడరు చల్లి దుప్పటి కప్పేవాడు, మేం దుప్పటి ఎత్తి చూడలేదు. సెప్టిక్ అయి పోయారు. ఆయన ఆసుపత్రిలో ఉండి ఉంటే బతికేవారని నేను నేటికీ నమ్ముతాను.

ఖమ్మం సిస్టర్:
బాబూ, మీ బాధ అర్థమైంది. కానీ ఆసుపత్రిలో పడిన పుండ్లు కూడా నేను వందల్లో చూశాను. తేడా దుప్పటి ఎత్తి చూసే మనిషి దగ్గర ఉంది.

లెక్కల మాస్టారు:
పింఛనుకు సదరం శిబిరంలో, అంటే ప్రభుత్వ వైద్యులు వైకల్యాన్ని పరీక్షించే చోట, ధ్రువపత్రం తీసుకోవాలి. అన్నట్టు ఆరోగ్య బీమాలో ఇంటి చికిత్స అన్న నిబంధన చూసి ఎవరూ ఆశపడకండి. ఆసుపత్రిలో చేర్చవలసిన జబ్బే అయి, రోగిని కదిలించలేకనో మంచం దొరకకనో ఇంట్లో వైద్యం చేయిస్తేనే అది వర్తిస్తుంది. నెలల తరబడి సాగే సేవకు దానిలో చోటు లేదు. పింఛను సంగతికి ఇంకా జవాబు రాలేదు.

వసుధ:
కృష్ణాతీరం గారూ, నా ప్రశ్న ఒక్కటే. ఆ పత్రంలోని రెండు వారాల్లో మీరు నాన్నగారి పక్కన ఎన్ని రాత్రులు ఉన్నారు?

కృష్ణాతీరం:
ఇది చర్చా, విచారణా? మీ అత్తగారింట్లో మీరు పడ్డ బాధ మీద నాకు సానుభూతి ఉంది, అయితే ఆ కోపం మా ఇంటి మీదికి తేవద్దు. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. నెలకు రెండు శనాదివారాలు వెళతాను. మంచం, బెడ్, మందులు, థెరపిస్టు ఖర్చు మొత్తం నాదే. అన్నయ్యా వదినా అక్కడే ఉంటారు, వదిన చూసుకుంటుంది. మా కుటుంబంలో దీని గురించి ఎవరికీ ఫిర్యాదు లేదు.

వసుధ:
అంటే మహా అయితే నాలుగు రాత్రులు. మిగతా పది రాత్రులు రెండు గంటలకోసారి లేచి ఒత్తిగిలించినది మీ వదినగారు. పగలు ఆ హాల్లోనే, వీధి గుమ్మానికి ఎదురుగా, మామగారికి డైపరు మార్చేదీ ఆవిడే. నేను అడుగుతున్నది ఇల్లు మేలా, కేంద్రం మేలా అని కాదు. ఇల్లు అన్న మాట వెనక ఒక ఆడమనిషి నిద్రను జమకట్టుకుని, దానికి మార్కులు మాత్రం మీరు వేసుకున్నారు. అదీ నా అభ్యంతరం. నేను ఏడేళ్లు చేశాను. ఇష్టంగా చేశానో లేదో ఈ రోజుకీ నాకే తెలియదు, ఎందుకంటే అప్పట్లో ఆ ప్రశ్న వేసుకునే హక్కు నాకుందని నాకు తోచలేదు.

గోదారిగట్టు:
కోడలు మామగారికి చేస్తే అది సేవ అవుతుంది గాని బాధ ఎలా అవుతుంది?

మల్కాజిగిరి కుర్రాడు:
గోదారిగట్టు గారు ఎన్ని డైపర్లు మార్చారో ముందు చెప్పాలి.

ఖమ్మం సిస్టర్:
ఇద్దరూ కాస్త ఆగండి. మాట రాకపోతే అడగలేమని ఎవరన్నారు? ఆయనకు అర్థమవుతోంది, ఎడమ చెయ్యి పనిచేస్తోంది. అవునంటే నా చెయ్యి నొక్కండి, కాదంటే వదిలేయండి అని చెప్పి, ఒక్కో ప్రశ్న చిన్నగా అడగండి. కాసేపయ్యాక అదే ప్రశ్నను తిరగేసి అడగండి. ఇక్కడే ఉండడం ఇష్టమా అని ఒకసారి, ఇక్కడ ఉండడం కష్టంగా ఉందా అని ఇంకోసారి. రెండు జవాబులూ పొసగితేనే లెక్కలోకి తీసుకోండి. అలిసిపోయినప్పుడు అడగవద్దు, పొద్దున ఫలహారం అయ్యాక అడగండి. గదిలో మీరు తప్ప ఎవరూ ఉండకూడదు.

కృష్ణాతీరం (తొమ్మిది రోజుల తర్వాత):
మొన్న ఆదివారం సిస్టర్ గారు చెప్పినట్టే అడిగాను. కేంద్రానికి వెళతారా అంటే చెయ్యి వదిలేశారు. తిరగేసి అడిగితే నొక్కారు, అంటే అదే జవాబు. నేను గెలిచాననే అనుకున్నాను. తర్వాత, మంచం హాల్లో ఉండడం ఇష్టమేనా అన్నాను. వదిలేశారు. వెనక గదికి మారుద్దామా అంటే, వేళ్లు నొప్పి పుట్టేలా నొక్కారు. అప్పుడే వదిన తలుపు తోసుకుని బేసినూ తువ్వాలూ పట్టుకుని వచ్చింది. నాన్నగారు కళ్లు మూసుకుని ముఖం గోడవైపు తిప్పేసుకున్నారు. ఈ పద్నాలుగు నెలలూ అది నిద్ర అనుకున్నాను. ఆవిడ వెళ్లాక, వదిన చేయడం మీకు ఇబ్బందిగా ఉందా అని అడిగాను. నొక్కి, చాలాసేపు వదల్లేదు. వంటింట్లోకి వెళ్లి వదినను కూడా అడిగాను. ఆవిడ పొయ్యి మీది పాలు దించి, “నన్ను ఈ మాట అడగడానికి నీకు ఇన్నాళ్లు పట్టిందా?” అంది. అంతకు మించి ఏమీ అనలేదు.

మంచం వెనక గదిలోకి మార్చాం. పొద్దున, సాయంత్రం వచ్చి శుభ్రం చేసి వెళ్లడానికి ఒక మగమనిషిని మాట్లాడాం, నెలకు తొమ్మిది వేలు. అది ఎవరు పెట్టాలన్న దాని మీద అన్నయ్యకూ నాకూ ఇంకా మాట తెగలేదు.

లెక్కల మాస్టారు:
అందుకే పింఛను గురించి మొదటి రోజు నుంచీ అడుగుతున్నాను.

కృష్ణాతీరం:
సదరం స్లాట్ బుక్ చేశాం, మాస్టారూ.

ఖమ్మం సిస్టర్:
వెనక గదికి కిటికీ ఉందా? మంచం ఎడమ వైపు కిటికీ వచ్చేలా వేయండి, ఆయనకు పనిచేసే చెయ్యి అటు ఉంది.

వసుధ:
రాత్రి రెండింటికి ఎవరు లేస్తున్నారు?

కృష్ణాతీరం:
ప్రస్తుతానికి వదినే.