సమస్యాపూరణం: తానె గెలిచె నాటఁ దానె యోడె

సంచాలకులు: రెండవవాడు లేని ఆటలో ఓడేదెవరన్న ప్రశ్నే నా చేత ఈ పాదాన్ని వ్రాయించింది. 'ఏకాకీ న రమతే' (ఒంటరివాడు ఆనందించడు) అన్న బృహదారణ్యక ఉపనిషత్తు వాక్యాన్ని మనసులో ఉంచుకొని పూరించండి.

తెనాలి మాస్టారు:

ఇచట నచటఁ దానె యెత్తులు వేయుచు
నల్లబలము తానె తెల్ల తానె
గడులఁ దానె నిండి ఖేలనం బొనరించి
తానె గెలిచె నాటఁ దానె యోడె

మంజీర: మాస్టారు గారూ, రెండవ పాదంలో యతికి బదులు రెండవ అక్షరాలను కలిపిన ప్రాసయతి (నల్ల–తెల్ల) ముచ్చటగా ఉన్నది. మూడవ పాదంలో మాత్రం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరానికి ఉండవలసిన మైత్రి, తప్పింది: 'గ'కు 'ఖే' చెల్లదు. హల్లులకు మైత్రి ఉన్నా అచ్చులకు లేదు. గత దత్తపదిలో (ఇచ్చిన పదాలతో పద్యం చెప్పే అంశంలో) ఇటువంటి యతినే చూపి నా పద్యాన్ని తోసిపుచ్చినది తమరే కనుక, దీనిని విడిచిపెట్టలేకపోతున్నాను. 'ఘనలీలఁ గనిపించి' అంటే యతి కుదురుతుంది, లీల అన్న మాటా పద్యంలోకి వస్తుంది. అయినా నా అసలు అభ్యంతరం భావం మీద. రెండు వైపులా తానే ఎత్తులు వేసేవాడికి ఎదుటి ఎత్తు ముందే తెలుసు కాబట్టి అక్కడ ఏకత్వం ఉన్నది గాని ఆట లేదు. ఆట కావాలంటే ఓటమి నిజంగా ఓటమి కావాలి.

చెలిమి నాట నోడి శ్రీదాము నెక్కించి
వీఁపు మీఁద మోసె వెన్నుఁ డతఁడు
మోసినట్టివాఁడె మూపు నెక్కినవాఁడు
తానె గెలిచె నాటఁ దానె యోడె

తెనాలి మాస్టారు: 'ఘనలీల'ను స్వీకరిస్తున్నాను. మీ మూడవ పాదం నేను వ్రాసి ఉండవలసినదనిపించింది. గత దత్తపదిలో మీ నుండి నేను ఆశించినది ఇటువంటి పాదమే. అయితే భాగవత దశమస్కంధంలో, ఓడినవారు గెలిచినవారిని మోసే ఆ ఆటలోనే, కృష్ణుడితో పాటు ఓడిన పక్షంలో చేరిన ప్రలంబుడనే రాక్షసుడు బలరాముణ్ణి మోస్తూ, దించవలసిన చోటు దాటించి ఎత్తుకుపోయాడు. స్నేహితుడు తానే అనడం సులభం, రాక్షసుడి మాటేమిటి? 'మాయ రక్కసుండు మఱి బలుండును దానె' అని మూడవ పాదాన్ని మార్చవలసిందని నా సూచన.

సంచాలకులు: మాస్టారు గారి ప్రశ్న సూత్రకారుడు వేసుకొన్నదే. బ్రహ్మసూత్రాలలో 'లోకవత్తు లీలాకైవల్యమ్' (లోకంలో ఆటలాగే సృష్టి ఈశ్వరుడికి కేవలం లీల; 2-1-33) అన్న వెంటనే, ఈశ్వరుడికి పక్షపాతమూ నిర్దయా అంటుతాయా అన్న శంకను తరువాతి సూత్రం ఎత్తుకొని, జీవుల కర్మను అనుసరించే సృష్టి జరుగుతుంది కనుక అంటవని తేలుస్తుంది. మంజీర గారు పాదం మారుస్తారా?

మంజీర: మార్చను. ప్రలంబుడు మోసినవాడు, బలరాముడు మూపునెక్కినవాడు. వారిద్దరికీ వర్తించాలనే ఆ పాదంలో ఎవరి పేరూ పెట్టలేదు.