పొలం వద్దనుకుని వచ్చిన మనమే ఫోన్‌లో పొలం ఎందుకు చేస్తున్నాం?

బ్రాడీపేట కుర్రాడు:
నిన్న రాత్రి నాన్నతో చిన్న గొడవయింది. నేను స్టార్‌డ్యూ వ్యాలీ ఆడుతున్నాను. తెలియనివాళ్లకు: ఆఫీసు ఉద్యోగంతో విసిగిపోయిన మనిషి, తాత వదిలివెళ్లిన పొలానికొచ్చి పంటలు వేసుకుంటాడు, చేపలు పడతాడు, ఊళ్లోవాళ్లతో కబుర్లు చెబుతాడు. అంతే ఆట. నాన్న వెనకనుంచి చూసి, "నిన్ను పొలం గట్టెక్కనివ్వకూడదనే కదరా ఇంత చదివించింది? ఇప్పుడు ఫోన్‌లో నీళ్లు పెడుతున్నావా?" అన్నాడు. మాది ప్రత్తిపాడు వైపు, రెండెకరాల మిరప. 2021లో నల్ల తామర పురుగు పడి, పూత మీదున్న చేను దున్నేశాం. నవ్వేసి ఊరుకున్నాను గానీ సమాధానం తోచలేదు. మీరేమంటారు? ఇది సేదతీరడమా, మనల్ని మనం మోసం చేసుకోవడమా?

యార్డు గుమాస్తా:
మోసమే బ్రదర్. నాలుగేళ్లు మిర్చి యార్డులో లెక్కలు రాశాను కాబట్టి చెబుతున్నా. ఆ ఆటలో మిరప కూడా ఉంది, వేసవి పంట. ఆట డబ్బులో విత్తనం 40, మామూలు కాయ 40. ఐదు రోజులకు కాపు, ఆపైన మూడు రోజులకోసారి కోత. పది కాయలమ్మినా పది వేలమ్మినా ఆ 40 తగ్గదు. రాత్రి పెట్టెలో వేసి పడుకుంటే తెల్లారేసరికి డబ్బు చేతిలో ఉంటుంది. కోత కూలీ లేదు, తరుగు లేదు, కమీషన్ లేదు, కోల్డ్ స్టోరేజీ అద్దె లేదు. మన యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గేటు దాకా నిండిన రోజు ధర ఎలా జారుతుందో చూసినవాడికి అది వ్యవసాయంలా అనిపించదు. 20 వేలు చూసిన క్వింటా మిర్చికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం 11,781 రూపాయలని, ధర పడిపోయినప్పుడు ఆదుకునే జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది. ఆ అంకె ఏ ఆటలోనూ రాదు.

సింగ్‌నగర్ అక్క:
తమ్ముడూ, నువ్వు తిట్టిన ఆ సంగతే నాకు నచ్చింది. నాది హాస్పిటల్లో నైట్ డ్యూటీ. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు నీళ్లు మా ఇంట్లోకొచ్చాయి. ఫ్రిజ్ పడమటి గోడ దగ్గరుండేది, నీళ్లు తీశాక చూస్తే వంటింటి గుమ్మానికి అడ్డంగా పడుంది. నెలరోజులు బీరువా అరల్లోంచి ఒండ్రు తీస్తూనే ఉన్నాను. అప్పుడు మా పిన్ని కొడుకు తన స్విచ్, అదే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషిన్, ఇచ్చి యానిమల్ క్రాసింగ్ అనే ఆట పెట్టాడు. అందులో టామ్ నూక్ అని ఒకాయన ఇల్లు కట్టుకోడానికి అప్పిస్తాడు. వడ్డీ లేదు, గడువు లేదు, ఎప్పుడు తీర్చినా పర్లేదు. నేను పగలబడి నవ్వాను. ఎందుకంటే మా ఇంటి లోన్ ఈఎంఐ మెసేజ్ ఆ వరదలో కూడా తారీఖు తప్పకుండా వచ్చింది. అది నిజం కాదని నాకు తెలియదనుకున్నావా? తెలిసే ఆడాను. డ్యూటీ దిగొచ్చి మొక్కలకు నీళ్లు పోస్తే మర్నాటికి కాస్త ఎదిగేవి. ఆ నెలలో నేను చేసిన పనుల్లో, చేసింది చేసినట్టు నిలిచింది అదొక్కటే.

బెంజ్ సర్కిల్:
ప్రశాంతతా? స్టార్‌డ్యూలో ఒక రోజంటే మన గడియారంలో 14 నిమిషాలు. రుతువుకు 28 రోజులు. రుతువు మారితే పంట చాలావరకు ఎండిపోతుంది. ఆ టెన్షన్‌తో నేను ఎక్సెల్ షీట్ వేసుకున్నాను! రాత్రి రెండయితే ఆటలో మనిషి కుప్పకూలిపోతాడు. నాకూ అలాగే అయింది, ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అంటూ. అయినా ఫేస్‌బుక్‌లో ఆడిన పాత పొలం ఆట ఫార్మ్‌విల్ కన్నా ఇది నయం. అందులో టైముకు రాకపోతే పంట వాడిపోయేది, అర్ధరాత్రి లేచి స్ట్రాబెర్రీలు కోసినవాణ్ని. దీన్ని ఆపేస్తే ఆరునెలలైనా అలాగే ఉంటుంది, పిలవదు.

అమరావతి రోడ్డు:
వీటిని చేసినవాళ్లెవరో చూడండి. 1996లో హార్వెస్ట్ మూన్ అనే పొలం ఆట చేసిన యసుహిరో వాదా జపాన్‌లోని మియాజాకి పల్లెల్లో పెరిగి టోక్యో వచ్చినవాడు. యానిమల్ క్రాసింగ్ ఆలోచన కత్సుయా ఎగుచిది. చిబా నుంచి క్యోటో వచ్చాక ఇంటివాళ్లు, స్నేహితులు దగ్గర లేని వెలితిలోంచి పుట్టిందట. స్టార్‌డ్యూ చేసిన ఎరిక్ బరోన్ కంప్యూటర్ సైన్స్ చదివి, ఉద్యోగం దొరక్క, థియేటర్లో జనానికి సీట్లు చూపించే పని చేసుకుంటూ నాలుగున్నరేళ్లు ఒక్కడే కూర్చున్నాడు. 2016లో విడుదలైంది. ఎవరూ నాగలి పట్టలేదు. ఊరి మీద బెంగే తప్ప ఇందులో వ్యవసాయం వెతకడం దండగ.

యార్డు గుమాస్తా:
బెంగ అయితే ఒప్పుకుంటాను. అక్కా, మీ మాటకు ఎదురు చెప్పలేను. కానీ ఒక్కటి: వాళ్లు వాళ్ల ఊరి మీద బెంగతో చేశారు. మనం ప్రత్తిపాడు వదిలొచ్చి, ఎవరిదో ఊరి మీద బెంగపడుతున్నాం. కౌలు రైతు ఉన్న ఆట ఒక్కటి చూపించండి, నేనే డబ్బులిచ్చి కొంటా.

సింగ్‌నగర్ అక్క:
అందులోనూ కౌలు కట్టాలంటే నేను ఆడను నాయనా.

బ్రాడీపేట కుర్రాడు:
రెండు రోజుల తర్వాత రాస్తున్నాను. గుమాస్తా అన్న చెప్పిన 40 సంగతి నాన్నకు చెప్పాను. "ఎన్నమ్మినా నలభయ్యేనా?" అని రెండుసార్లు అడిగాడు. కళ్లజోడు పెట్టుకుని ఫోన్ లాక్కున్నాడు. మొదట్లో ఊరి పెద్ద ఇచ్చే 15 విత్తనాలుంటాయి, ముల్లంగిలాంటి దుంప. నేనైతే మూడు వరసలు పక్కపక్కనే కుక్కేశాను. ఆయన ప్రతి రెండు సాళ్లకూ మనిషి నడిచేంత దారి వదిలి నాటాడు. ఆటలో అక్కర్లేదు నాన్నా అంటే, "గాలాడొద్దూ?" అన్నాడు. బావి దగ్గర్లో లేదని చిరాకుపడ్డాడు. ఇవాళ పొద్దున కాఫీ తాగుతూ ఆటలో వసంతం ముగించాడు. వేసవికి మిరప విత్తనాలు కొననా అని అడిగాను. తలెత్తకుండానే వద్దన్నాడు. ఆ పుచ్చకాయలాంటిదేదో వేయమన్నాడు.